సముద్రం అడుగు ఎవరిది? మాల్టా రాయబారి ఆర్విడ్ పార్డో కథ

1967 నవంబర్ 1. న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశపు మొదటి కమిటీ కూర్చుంది. ఆయుధాలు, దేశాల భద్రత గురించి చర్చించే కమిటీ అది. ఆ రోజు మాట్లాడేందుకు లేచింది మాల్టా రాయబారి ఆర్విడ్ పార్డో. మాల్టా మధ్యధరా సముద్రంలో, సిసిలీకి దక్షిణాన ఉన్న దీవుల దేశం. మొత్తం వైశాల్యం 316 చదరపు కిలోమీటర్లు. బ్రిటన్ నుంచి స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి మూడేళ్లే అయింది.

పార్డో తన ప్రసంగాన్ని ప్రాణి పుట్టుకతో మొదలుపెట్టారు. జీవం సముద్రపు చీకట్లో పుట్టిందని, ఆ పుట్టుక గుర్తులు మన రక్తంలోనూ కన్నీళ్ల ఉప్పదనంలోనూ ఇంకా ఉన్నాయని చెప్పారు. అక్కడి నుంచి ఖనిజాల లెక్కల్లోకి, జలాంతర్గాముల్లోకి, అణు వ్యర్థాల్లోకి, చట్టంలోని లొసుగుల్లోకి వెళ్లారు. ఉదయం మొదలైన ప్రసంగం మధ్యాహ్నం సమావేశంలోనూ కొనసాగింది. అంతా కలిపి దాదాపు మూడు గంటలు. చివరికి ఆయన కోరింది ఇదీ: ఏ దేశం పరిధిలోకీ రాని సముద్రపు అడుగును మానవాళి ఉమ్మడి వారసత్వంగా ప్రకటించాలి. దాన్ని ఏ దేశమూ సొంతం చేసుకోకూడదు. శాంతి పనులకే వాడాలి. దాని మీద వచ్చే ఆదాయం ముందుగా పేద దేశాలకు చేరాలి. ఇదంతా చూసుకోవడానికి ఒక అంతర్జాతీయ సంస్థ ఉండాలి.

ఈ ఆలోచన తర్వాత చట్టమైంది. ఇవాళ సముద్రగర్భంలో తవ్వకాలు జరపాలా వద్దా అని ప్రపంచం గొడవపడుతోందంటే, ఆ గొడవంతా పార్డో వేసిన పునాది మీదే. కానీ "ఉమ్మడి వారసత్వం" అన్న మాటను చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. అది అందరిదీ కాబట్టి ఎవరైనా తీసుకోవచ్చు అనుకునేవాళ్లు ఉన్నారు. అది వట్టి నినాదం, దానికి చట్టపరమైన బలం లేదు అనేవాళ్లూ ఉన్నారు. రెండూ సరికాదు. ఆ మాట అసలు అర్థం తెలియాలంటే, ముందు ఆ మనిషి ఎక్కడెక్కడ పనిచేశాడో చూడాలి. ఆ ఆలోచనలోని ఒక్కో భాగం ఆయన చేసిన ఒక్కో ఉద్యోగం నుంచి వచ్చిందని నాకు గట్టిగా అనిపిస్తుంది.

దేశం లేకుండా పెరిగిన మనిషి

పార్డో 1914లో రోమ్‌లో పుట్టారు. తండ్రిది మాల్టా, తల్లిది స్వీడన్. చిన్నప్పుడే ఇద్దరూ పోయారు. తండ్రి స్నేహితుడైన ఒక ఇటాలియన్ దౌత్యవేత్త ఆ పిల్లవాణ్ని పెంచారు. దౌత్యవేత్త ఇంట్లో పెరగడమంటే దేశదేశాలు తిరగడమే. చాలా భాషలు వచ్చాయి. ఏ దేశమూ పూర్తిగా తనది కాలేదు.

చదివింది రెండు శాస్త్రాలు. ఫ్రాన్స్‌లోని టూర్ విశ్వవిద్యాలయంలో దౌత్య చరిత్ర, రోమ్‌లో అంతర్జాతీయ న్యాయం. ఈ రెండూ ఒకే తలలో ఉండటం అరుదు. న్యాయం చదివినవాడు ఇప్పుడున్న నిబంధన ఏమిటని చూస్తాడు. చరిత్ర చదివినవాడు ఆ నిబంధన ఎవరి అవసరం కోసం పుట్టింది, తర్వాత ఎవరు దాన్ని ఎటు సాగదీశారు అని చూస్తాడు. 1967 ప్రసంగంలో ఈ రెండు చూపులూ కనిపిస్తాయి.

రెండో ప్రపంచ యుద్ధంలో ఫాసిస్టు వ్యతిరేక కార్యకలాపాలు చేశారని ఇటలీ ప్రభుత్వం ఆయన్ను జైల్లో పెట్టింది. తర్వాత జర్మన్ల చేతికి చిక్కారు. యుద్ధం ముగిసేదాకా ఆయన యౌవనం చాలావరకు ఖైదులోనే గడిచింది. బయటికి వచ్చి లండన్ చేరుకుని, అప్పుడే పుడుతున్న ఐక్యరాజ్యసమితిలో చిన్న ఉద్యోగం సంపాదించుకున్నారు. పని: పత్రాలను, పాత ఫైళ్లను భద్రపరచడం.

చరిత్ర చదివినవాడికి అంతకంటే తగిన పని ఏముంటుంది? రాయబారులు మాట్లాడి వెళ్లిపోతారు. కాగితం మిగులుతుంది. ఎవరు ఎప్పుడు ఏం ఒప్పుకున్నారో, ఏ మాట ఏ వాక్యంలో ఎందుకు చేరిందో కాగితమే చెబుతుంది.

ఆ తర్వాత చాలా ఏళ్లు ధర్మకర్తృత్వ విభాగంలో పనిచేశారు. ఈ మాటను కొంచెం వివరించాలి. యుద్ధాల తర్వాత ఓడిన దేశాల వలసలు కొన్నింటిని గెలిచిన దేశాలకు అప్పగించారు. కానీ సొంతానికి కాదు. ఆ ప్రాంతం అక్కడి ప్రజలదే, వాళ్లు స్వయంపాలనకు సిద్ధమయ్యేదాకా మీరు ధర్మకర్తలుగా ఉండి చూసుకోండి, ఏటా ఐక్యరాజ్యసమితికి లెక్క చెప్పండి అన్నది ఏర్పాటు. టాంగన్యికా, కామెరూన్ లాంటి ప్రాంతాలు అలా ఉండేవి. ఆచరణలో ఎన్ని లోపాలున్నా, సూత్రం స్పష్టం. చేతిలో ఉన్నది తనది కాదు. దాన్ని ఇంకొకరి కోసం కాపాడాలి, ఆ ఇంకొకరు రేపు పుట్టేవాళ్లు కూడా కావచ్చు.

తెలుగువాళ్లకు ఇది కొత్త విషయం కాదు. దేవుడి మాన్యం ఉన్న ప్రతి ఊళ్లోనూ ధర్మకర్త అన్న మాట తెలుసు. మాన్యం ధర్మకర్త పేరున ఉన్నా అతను అమ్ముకోలేడు. పంట మీద వచ్చే ఆదాయం గుడికి, పూజకు, అన్నదానానికి పోవాలి. మాన్యాన్ని మింగేసిన ధర్మకర్తలూ మనకు తెలుసు. అయినా అది మింగడమేనని ఊరంతా ఒప్పుకుంటుంది, ఎందుకంటే నియమం అందరికీ తెలుసు. పార్డో సముద్రపు అడుగుకు అలాంటి నియమం ఒకటి కావాలన్నారు.

1960ల మొదట్లో ఆయన సాంకేతిక సహాయ విభాగానికి మారి నైజీరియా, ఈక్వెడార్ దేశాల్లో పనిచేశారు. పేద దేశానికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, ఎన్ని షరతులతో వస్తుంది, ఎంత ఆలస్యంగా వస్తుంది అన్నది దగ్గర నుంచి చూశారు. ధనిక దేశాలు దయతలచి ఇచ్చే సాయానికీ, హక్కుగా వచ్చే వాటాకూ తేడా ఏమిటో ఆ ఉద్యోగంలో ఉన్నవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

1964 సెప్టెంబర్‌లో మాల్టా స్వతంత్రమైంది. డిసెంబర్‌లో ఐక్యరాజ్యసమితిలో చేరింది. కొత్త దేశానికి అనుభవజ్ఞులైన దౌత్యవేత్తలు లేరు. ఐక్యరాజ్యసమితి లోపలి దారులన్నీ తెలిసిన మాల్టా మూలాల మనిషి ఒకడు అక్కడే ఉన్నాడు. అలా పార్డో మొదటి శాశ్వత ప్రతినిధి అయ్యారు.

చట్టంలో ఉన్న రబ్బరు గీత

1967 నాటికి సముద్రపు అడుగు గురించి అంత తొందర ఎందుకు వచ్చిందో ఇప్పుడు చూద్దాం.

శతాబ్దాలుగా సముద్రానికి సూత్రం ఒకటే. తీరం దగ్గర సన్నటి పట్టీ, చాలా దేశాలకు మూడు నాటికల్ మైళ్లు, ఆ దేశానిది. దాని అవతలంతా స్వేచ్ఛా సముద్రం. 1609లో డచ్చి న్యాయకోవిదుడు గ్రోషియస్ ఈ స్వేచ్ఛను సమర్థిస్తూ రాశాడు. అప్పుడు డచ్చివాళ్లకు కావాల్సింది పోర్చుగీసువాళ్లు అడ్డురాకుండా తూర్పు దేశాలకు ఓడలు నడుపుకోవడం. సముద్రం తరగనిదన్న నమ్మకం మీద ఆ సూత్రం నిలబడింది. ఓడ వెళ్లినంత మాత్రాన నీళ్లు తరిగిపోవు కదా.

1945 సెప్టెంబర్ 28న అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ ఒక ప్రకటన చేశారు. తమ తీరాన్ని ఆనుకుని నీళ్ల కింద సాగే నేల, అంటే ఖండతీరపు అంచు మీద ఉన్న ఖనిజ సంపద అమెరికాదేనని. కారణం చమురు. ఇంత పెద్ద దేశం ఆ మాట అన్నాక మిగతావాళ్లు ఊరుకుంటారా? చిలీ, పెరూ 1947లోనే ఏకంగా 200 మైళ్ల సముద్రం మాదేనన్నాయి. 1952లో ఈక్వెడార్ వాటితో కలిసింది.

1958లో జెనీవాలో దేశాలు కూర్చుని ఖండతీరపు అంచుకు నిర్వచనం రాసుకున్నాయి. చిక్కు అక్కడ మొదలైంది. 200 మీటర్ల లోతు వరకు తీరదేశానిది అన్నారు. అక్కడితో ఆగితే బాగుండేది. "లేదా, ఆ లోతు దాటినా, వనరులను వెలికితీయగలిగినంత మేర" అని ఇంకో ముక్క చేర్చారు. అంటే సరిహద్దు ఒక దేశపు యంత్రాల బలం మీద ఆధారపడింది. ఇవాళ 300 మీటర్ల లోతులో తవ్వగలిగితే అంతవరకు నాది. రేపు 4,000 మీటర్లలో తవ్వగలిగితే నడిసముద్రమూ నాదే. రబ్బరు గీతలాంటి సరిహద్దు ఇది, బలం ఉన్నవాడు లాగినంత సాగుతుంది. పార్డో ప్రసంగంలో అతి ముఖ్యమైన న్యాయపరమైన అభ్యంతరం ఇదే.

అదే సమయంలో నడిసముద్రంలో నిధి ఉందన్న వార్త వ్యాపించింది. 1870లలో ప్రపంచ సముద్రాలన్నీ తిరిగిన బ్రిటిష్ పరిశోధన నౌక చాలెంజర్ సముద్రపు అడుగు నుంచి బంగాళాదుంపల్లాంటి నల్లటి ముద్దలను పైకి తెచ్చింది. వాటిలో మాంగనీసు, నికెల్, రాగి, కోబాల్ట్ ఉన్నాయి. నాలుగు నుంచి ఆరు కిలోమీటర్ల లోతున, మెత్తటి బురద మీద పరుచుకుని ఉంటాయి. ఏ చేప పన్ను చుట్టూనో, గవ్వ ముక్క చుట్టూనో లోహం పొరలు పొరలుగా పేరుకుంటూ అవి పెరుగుతాయి. పది లక్షల ఏళ్లకు కొన్ని మిల్లీమీటర్లు. 90 ఏళ్లు అవి మ్యూజియం వస్తువులుగానే ఉండిపోయాయి. 1965లో అమెరికా గనుల ఇంజనీర్ జాన్ మెరో పసిఫిక్‌లోనే లక్షల కోట్ల టన్నులు ఉన్నాయని అంచనా వేశాక దేశాల కళ్లు అటు తిరిగాయి.

పార్డో ఆ అంచనాలనే సభ ముందు పెట్టారు. అంతర్జాతీయ సంస్థను 1970లో నెలకొల్పితే 1975కల్లా ఏటా సుమారు 600 కోట్ల డాలర్ల ఆదాయం వస్తుందని చెప్పారు. ఆ లెక్క తప్పింది. ఇప్పటికీ ఎక్కడా వాణిజ్యపరంగా ఒక్క ముద్ద కూడా తవ్వలేదు. తన కాలపు అతి ఆశను ఆయన కూడా నమ్మారు. కానీ ఆయన వాదన లెక్క మీద మాత్రమే నిలబడలేదు. సముద్రపు అడుగు కోసం మొదలయ్యే పెనుగులాట, గత శతాబ్దంలో ఆసియా, ఆఫ్రికాల్లో వలసల కోసం జరిగిన పెనుగులాటను మించిపోతుందని ఆయన హెచ్చరించారు. 19వ శతాబ్దం చివర ఐరోపా దేశాలు బల్ల చుట్టూ కూర్చుని ఆఫ్రికాను పంచుకున్న తీరు తెలిసిన మనిషి, అదే బల్ల మళ్లీ వేస్తున్నారని ముందే గుర్తుపట్టాడు.

ఆస్తి అనలేదు, వారసత్వం అన్నారు

"మానవాళి ఉమ్మడి వారసత్వం" అన్న మాటను మొదట పలికింది పార్డో కాదు. 1958 జెనీవా సదస్సుకు అధ్యక్షత వహించిన థాయిలాండ్ రాకుమారుడు వాన్ సముద్రాన్ని అలాగే పిలిచారు. అంతరిక్షం గురించి అర్జెంటీనా న్యాయకోవిదుడు ఆల్డో కోకా 1967లోనే ఆ మాట వాడారు. 1966లో అమెరికా అధ్యక్షుడు జాన్సన్ సముద్రగర్భం మానవులందరి వారసత్వమని, అక్కడ కొత్త వలసల పోటీ రాకూడదని అన్నారు. పార్డో ప్రత్యేకత వేరే ఉంది. వేదిక మీద అలంకారంగా వినిపించే మాటకు ఆయన పని అప్పగించారు. ఎవరు నడపాలి, డబ్బు ఎటు పోవాలి, ఏం చేయకూడదు అన్న షరతులు దానికి తగిలించారు.

ఇక్కడ మూడు విషయాలను వేరుచేసి చూడాలి.

ఊరి చివర ఎవరికీ చెందని బీడు ఉందనుకోండి. ముందు కంచె వేసినవాడిదే అంటే అది ఒక పద్ధతి. రోమన్ న్యాయంలో ఎవరిదీ కాని వస్తువుకు ఇదే సూత్రం. వలస పాలకులు సగం ప్రపంచాన్ని ఈ సాకుతోనే తీసుకున్నారు, అక్కడ జనం ఉన్నా లేరన్నట్టు. రెండోది ఊరి చెరువు. ఎవరూ కంచె వేయకూడదు, ఎవరైనా నీళ్లు తోడుకోవచ్చు. వినడానికి న్యాయంగా ఉంటుంది. కానీ ఒకరి దగ్గర కడవ, ఇంకొకరి దగ్గర పది గుర్రాల మోటారు ఉంటే? చెరువు అందరిదీ, నీళ్లు మాత్రం మోటారు ఉన్నవాడివి. స్వేచ్ఛా సముద్రం అన్న పాత సూత్రం చివరికి చేసింది ఇదే.

పార్డో చెప్పింది మూడోది. ఎవరూ సొంతం చేసుకోకూడదు. ఇష్టమొచ్చినట్టు తోడుకోకూడదు కూడా. అందరి తరఫున ఒక సంస్థ అనుమతి ఇస్తుంది, వాటా వసూలు చేస్తుంది, పంచుతుంది, నాశనం కాకుండా చూస్తుంది. హక్కుదారు మానవాళి మొత్తం, ఇంకా పుట్టనివాళ్లతో సహా.

ఆస్తి అన్న మాటను ఆయన కావాలనే పక్కన పెట్టారు. రోమన్ న్యాయంలో ఆస్తి అంటే వాడుకునే హక్కుతో పాటు పాడుచేసుకునే హక్కు కూడా. నా పొలం, నేను బీడు పెట్టుకుంటాను అనవచ్చు. వారసత్వంగా వచ్చిందాన్ని అలా అనలేం. తాతల నుంచి వచ్చింది, మనవలకు వెళ్లాలి, మధ్యలో మనం కొన్నాళ్లు చూసుకుంటున్నాం. మన ఇళ్లలో పిత్రార్జితం, స్వార్జితం అని వేరుచేసి చెప్పుకుంటాం. స్వార్జితం ఎవరికి రాసినా అడిగేవాడు లేడు. పిత్రార్జితాన్ని ఒక్కడే అమ్మబోతే పిల్లలు కోర్టుకెక్కుతారు. ఆ తేడా తెలిసినవాడికి పార్డో ఎంచుకున్న మాట బరువు తెలుస్తుంది.

ఫలితం నెమ్మదిగా వచ్చింది. 1967 డిసెంబర్‌లో 35 దేశాలతో తాత్కాలిక కమిటీ వేశారు. మరుసటి ఏడాది 42 దేశాల శాశ్వత కమిటీ అయింది. 1970 డిసెంబర్ 17న సర్వసభ్య సమావేశం సూత్రాల ప్రకటనను ఆమోదించింది. అనుకూలంగా 108 ఓట్లు, వ్యతిరేకంగా ఒక్కటీ లేదు, 14 దేశాలు తటస్థం. దేశాల పరిధి దాటిన సముద్రపు అడుగు, దాని వనరులు మానవాళి ఉమ్మడి వారసత్వం అని అందులో స్పష్టంగా ఉంది. మూడేళ్ల కిందట ఒక చిన్న దేశం తెచ్చిన మాట అది. మరుసటి ఏడాది సముద్రపు అడుగున అణ్వాయుధాలు నెలకొల్పడాన్ని నిషేధించే ఒప్పందం కూడా సంతకాలకు వచ్చింది.

గండి పడింది తీరం వైపు నుంచి

ఈ కథను చాలామంది అమెరికా వర్సెస్ పేద దేశాలుగా చెబుతారు. అందులో నిజం ఉంది, కానీ పూర్తి నిజం కాదు. పార్డో ఆలోచనకు మొదటి పెద్ద దెబ్బ ఆయన ఎవరి కోసం మాట్లాడారో ఆ దేశాల నుంచే తగిలింది.

దేశాల పరిధి "దాటిన" ప్రాంతం ఉమ్మడిది అన్నారు కదా. మరి పరిధి ఎక్కడ ముగుస్తుంది? అది తేలలేదు. తేలేలోపే తీరదేశాలు పరిధిని పెంచుకోవడం మొదలుపెట్టాయి. 1972లో కెన్యా ప్రత్యేక ఆర్థిక మండలి అన్న ప్రతిపాదన తెచ్చింది. తీరం నుంచి 200 నాటికల్ మైళ్లు, అంటే 370 కిలోమీటర్ల మేర చేపలు, చమురు, ఖనిజాలు అన్నీ ఆ తీరదేశానివే. లాటిన్ అమెరికా దేశాలు అప్పటికే అదే అడుగుతున్నాయి. ధనిక దేశాల పెద్ద పెద్ద చేపల ఓడలు తమ తీరాల్లో వల వేసుకుపోతుంటే చూస్తూ కూర్చున్న దేశాలకు ఆ కోరిక న్యాయమే. ఏదో రేపు అంతర్జాతీయ సంస్థ ఇవ్వబోయే వాటా కంటే ఇవాళ చేతికందే సముద్రం మేలనిపించింది.

పార్డో కూడా 200 మైళ్ల గీతకు పూర్తి వ్యతిరేకి కాదు. 1971లో మాల్టా తరఫున ఆయన తయారుచేసిన ముసాయిదా ఒప్పందంలో దేశాల పరిధి 200 మైళ్ల వరకు ఉంది. కానీ అక్కడితో ఖచ్చితంగా ఆగాలి. అవతలి నీళ్లు, అడుగు, చేపలు, అన్నీ కలిపి ఒక్క వ్యవస్థగా అంతర్జాతీయ పాలనలోకి రావాలి. సముద్రాన్ని ముక్కలుగా చూడలేమని, పైన జరిగింది కింద తగులుతుందని ఆయన పట్టుబట్టారు. ఆ ముసాయిదా ముందుకు సాగలేదు. అదే ఏడాది మాల్టాలో ప్రభుత్వం మారింది. డోమ్ మింటాఫ్ నాయకత్వంలో లేబర్ పార్టీ అధికారంలోకి వచ్చింది. ఐక్యరాజ్యసమితిలో పార్డో శాశ్వత ప్రతినిధి పదవి ముగిసింది.

1973 డిసెంబర్‌లో మూడో సముద్ర న్యాయ సదస్సు మొదలైంది. తొమ్మిదేళ్లు సాగింది. మొదట శ్రీలంకకు చెందిన అమరసింఘె, ఆయన చనిపోయాక సింగపూర్‌కు చెందిన టామీ కో అధ్యక్షులు. పార్డో ప్రశ్న వల్లే ఆ సదస్సు పుట్టింది. అది నడుస్తున్న కాలంలో ఆయన మాత్రం అమెరికాలో పరిశోధన, బోధన వైపు మళ్లారు.

సదస్సు తేల్చిన లెక్క చూడండి. 200 మైళ్ల మండలాల్లోకి ప్రపంచ సముద్రంలో మూడో వంతుకు పైగా వెళ్లిపోయింది. మనిషి పట్టే చేపల్లో అత్యధిక భాగం, సముద్రంలో తెలిసిన చమురు, గ్యాస్‌లలో దాదాపు అంతా ఆ పట్టీలోనే ఉంది. అతి పెద్ద మండలాలు ఎవరికి దక్కాయి? అమెరికా, ఫ్రాన్స్‌లకు చెరో కోటి చదరపు కిలోమీటర్లకు పైగా. ఫ్రాన్స్‌కు అంత ఎలా వచ్చింది? పసిఫిక్‌లోనూ హిందూ మహాసముద్రంలోనూ వలసకాలం నుంచి ఆ దేశం చేతిలో ఉన్న దీవుల వల్ల. పేద దేశాలు ముందుండి సాధించిన గీత పాత సామ్రాజ్యాలకే ఎక్కువ లాభం చేసింది. తీరమే లేని నేపాల్, చాద్, బొలీవియాలకు ఏమీ రాలేదు. ఉమ్మడి వారసత్వమంటే ఇక మిగిలింది కొన్ని చేపలు, కాస్త నాచు అని పార్డో బాధపడ్డారని చెబుతారు. ఆ బాధ నాకు అర్థమవుతుంది.

ఆంధ్ర తీరం కూడా ఈ లెక్కలోనే ఉంది. 1976లో భారత్ సముద్ర మండలాల చట్టం చేసి 200 మైళ్ల మండలి ప్రకటించుకుంది. కాకినాడకు ఎదురుగా కృష్ణా గోదావరి బేసిన్‌లో తీసే సహజవాయువు మీద భారత్ హక్కుకు ఆధారం తీరదేశాలకు దక్కిన ఈ హక్కులే. విశాఖ నుంచి వేటకు వెళ్లే మత్స్యకారుడికి విదేశీ ట్రాలర్ల నుంచి చట్టపరమైన రక్షణ కూడా దీని నుంచే. కాబట్టి ఈ గీతను తప్పు అని కొట్టిపారేయలేను. గీత వల్ల మనకేం వచ్చిందో చెప్పేటప్పుడు, ఉమ్మడి నుంచి ఎంత తరిగిందో కూడా చెప్పాలనే నా పట్టుదల.

రెండో దెబ్బ ధనిక దేశాల నుంచి. 1982 ఏప్రిల్ 30న ఆ సదస్సు రాసిన సముద్ర న్యాయ ఒప్పందం 130 అనుకూల, 4 వ్యతిరేక ఓట్లతో ఆమోదం పొందింది. 17 దేశాలు తటస్థంగా ఉన్నాయి. వ్యతిరేకించినవి అమెరికా, ఇజ్రాయెల్, టర్కీ, వెనెజువెలా. డిసెంబర్ 10న జమైకాలోని మాంటెగో బేలో 119 సంతకాలు పడ్డాయి. రీగన్ ప్రభుత్వం సంతకం చేయలేదు. మిగతా ఒప్పందం మీద వాళ్లకు పెద్ద అభ్యంతరాలు లేవు. సముద్రగర్భ తవ్వకాలకు సంబంధించిన పదకొండో భాగమే మింగుడుపడలేదు. తవ్వకపు సాంకేతికతను పేద దేశాలకు బదిలీ చేయాలి, ఉత్పత్తికి పరిమితి ఉండాలి, అంతర్జాతీయ సంస్థ తన సొంత కంపెనీతో తానూ తవ్వాలి అన్నవి అందులో ఉన్నాయి.

పన్నెండేళ్ల ప్రతిష్టంభన తర్వాత 1994లో ఒక అనుబంధ ఒప్పందంతో దారి తెరిచారు. తప్పనిసరి సాంకేతికత బదిలీ పోయింది. ఉత్పత్తి పరిమితి పోయింది. సంస్థ సొంత కంపెనీ ఇతరులతో కలిసి మాత్రమే పని మొదలుపెట్టాలన్నారు. అదే ఏడాది నవంబర్ 16న ఒప్పందం అమల్లోకి వచ్చింది. జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో అంతర్జాతీయ సముద్రగర్భ సంస్థ పుట్టింది. ఇంత చేసినా అమెరికా ఇప్పటికీ ఈ ఒప్పందంలో చేరలేదు.

మరి మిగిలిందేమిటి? నా అంచనాలో చాలానే మిగిలింది. దేశాల పరిధి దాటిన సముద్రపు అడుగు, దాని వనరులు మానవాళి ఉమ్మడి వారసత్వం అని 136వ అధికరణం చెబుతోంది. ఏ దేశమూ అక్కడ సార్వభౌమత్వం ప్రకటించుకోకూడదని తర్వాతి అధికరణం చెబుతోంది. ఈ మూల సూత్రానికి సవరణ చేయబోమని సభ్యదేశాలు 311వ అధికరణంలో మాట ఇచ్చాయి. ప్రపంచపు సముద్రగర్భంలో సుమారు సగం ఈ నియమం కిందే ఉంది. తవ్వాలనుకునే ధనిక దేశపు కంపెనీ సమాన విలువ గల రెండు స్థలాలు చూపాలి, ఒకటి సంస్థ పేద దేశాల కోసం అట్టిపెట్టాలి అన్న నిబంధన ఉంది. అన్నదమ్ముల పంపకాల్లో ఒకడు భాగాలు పెడితే ఇంకొకడు ఎంచుకునే పద్ధతి మనకు తెలిసిందే. ఇదీ దానికి దగ్గరగానే ఉంటుంది.

భారత్ ఈ వ్యవస్థలో మొదటి వరుసలో ఉంది. 1981 జనవరి 26న గవేషణి అనే నౌక మీద మన శాస్త్రవేత్తలు అరేబియా సముద్రం నుంచి మొదటి ముద్దలు తీశారు. 1987 ఆగస్టులో ఐక్యరాజ్యసమితి ఏర్పాటు కింద మార్గదర్శక పెట్టుబడిదారుగా, అంటే అన్వేషణకు అందరికంటే ముందు డబ్బు పెట్టిన వాళ్లలో ఒకరిగా, నమోదైన మొదటి దేశం మనదే. మధ్య హిందూ మహాసముద్రంలో లక్షన్నర చదరపు కిలోమీటర్లు కేటాయిస్తే, నిబంధన ప్రకారం సగం తిరిగిచ్చి 75,000 చదరపు కిలోమీటర్లు ఉంచుకున్నాం. ఆరు కిలోమీటర్ల లోతుకు ముగ్గురిని తీసుకెళ్లే మత్స్య 6000 వాహనం గురించి పత్రికల్లో చదివే ఉంటారు. అది వెళ్లాలనుకుంటున్న లోతుల్లో ఎక్కువ భాగం ఏ దేశానిదీ కాదు. అక్కడ మనం హక్కుదారులం కాము, ఒప్పందం మీద పని చేసుకునేవాళ్లం.

ఈ మధ్య ఆ నియమానికి గట్టి పరీక్షలు ఎదురవుతున్నాయి. 2021లో పసిఫిక్ దీవి దేశం నౌరు, రెండేళ్లలో తవ్వకాల నిబంధనలు తేల్చాలనే షరతును ప్రయోగించింది. గడువు 2023లో దాటిపోయింది, నిబంధనలు తేలలేదు. 2025 ఏప్రిల్‌లో అమెరికా అధ్యక్షుడు తమ దేశ చట్టం కిందే అంతర్జాతీయ సముద్రగర్భంలో తవ్వకాలకు లైసెన్సులు ఇచ్చేలా ఉత్తర్వు జారీ చేశారు. ముందు కంచె వేసినవాడిదే అన్న బీడు భూమి సూత్రం మళ్లీ తల ఎత్తినట్టే. ఇంకోవైపు ఫ్రాన్స్, చిలీ, పలావు సహా ముప్పైకి పైగా దేశాలు ప్రస్తుతానికి తవ్వకాలు వద్దంటున్నాయి. ఆ ముద్దల మీద, వాటి చుట్టూ బతికే జీవులు ఏమిటో మనకు ఇంకా సరిగా తెలియదు. ఒకసారి గోకిన బురద దశాబ్దాలు గడిచినా పూడకపోవడం పాత ప్రయోగాల చోట్ల శాస్త్రవేత్తలు చూశారు. రెండు పక్షాలూ పార్డో మాటనే వాడుతున్నాయి. ఉమ్మడి వారసత్వం కాబట్టి తవ్వి పంచుదాం అని ఒకరు. వారసత్వం కాబట్టి పాడుచేయకుండా పిల్లలకు అప్పగిద్దాం అని ఒకరు. మాటలో రెండూ ఉన్నాయి. కానీ ఆస్తి అనకుండా వారసత్వం అన్న మనిషి ఏ వైపు మొగ్గుతాడో నాకు సందేహం లేదు.

ఆయన మాట సముద్రం దాటి కూడా పాకింది. 1979 చంద్రుడి ఒప్పందంలో చేరింది. 1988లో మాల్టాయే వాతావరణాన్ని కాపాడాలన్న ప్రతిపాదన సర్వసభ్య సమావేశం ముందుకు తెచ్చింది. అక్కడ దేశాలు "ఉమ్మడి వారసత్వం" అనడానికి ఒప్పుకోక "ఉమ్మడి ఆందోళన" అన్నాయి. వాతావరణ ఒప్పందాలన్నీ ఆ మాట మీదే మొదలయ్యాయి. 2023లో ఆమోదం పొంది, 2026 జనవరిలో అమల్లోకి వచ్చిన నడిసముద్రపు జీవవైవిధ్య ఒప్పందంలో మాత్రం ఉమ్మడి వారసత్వం అన్న మాటే తిరిగి చేరింది. పైనున్న నీళ్లను, కిందున్న నేలను విడదీయలేమని పార్డో 1971 ముసాయిదాలో చెప్పిందానికి అది కొంతవరకు దగ్గరైంది.

పార్డో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. రచయిత థామస్ మాన్ కుమార్తె ఎలిసబెత్ మాన్ బోర్గెస్ 1972లో మాల్టాలో స్థాపించిన ఇంటర్నేషనల్ ఓషన్ ఇన్‌స్టిట్యూట్‌కు దగ్గరగా ఉన్నారు. 1999లో అమెరికాలో చనిపోయారు. అప్పటికి సముద్ర న్యాయ ఒప్పందం అమల్లోకి వచ్చి ఐదేళ్లు కావస్తోంది. కింగ్‌స్టన్‌లో సముద్రగర్భ సంస్థ ఇవాళ్టికీ ఏటా సమావేశమవుతోంది, తవ్వకాల నిబంధనావళిలోని ఒక్కో వాక్యం మీద గంటల కొద్దీ వాదులాడుకుంటోంది. పక్కనే ఎవరో ఆ వాదనలన్నీ రాసి, ఫైలు కట్టి, భద్రపరుస్తున్నారు.